డాక్టరమ్మ మొదటి ప్రశ్న

పోయిన వారం పుప్పాలగూడలో మందుల షాపు దగ్గర నిలబడి ఉన్నాను. నా ముందు ఒక అమ్మాయి ఉంది. మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది, ఒక చెవిలో ఇంకా మీటింగ్ నడుస్తోంది. గొంతు బాగా తగ్గించి, నెలసరి వాయిదా వేసే మాత్రలు కావాలంది. షాపతను వాటిని కాగితం కవరులో పెట్టి, ఆ కవరును మళ్ళీ నల్ల సంచిలో పెట్టి, దొంగసొత్తు అందించినట్టు అందించాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగిందో లేదో, నాకే తెలియకుండా నా నోటి నుంచి ఒక మాట జారింది.

"ఇంట్లో ఆడకుక్క ఉందా అమ్మా?"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. లేదాంటీ అని చెప్పి, రెండో చెవిలో కూడా ఇయర్‌ఫోన్ పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో నేనున్నా అలాగే వెళ్ళిపోయేదాన్ని. ఆ మాత్రలకీ కుక్కకీ ఉన్న సంబంధం తెలియనివాళ్ళకి అది పిచ్చిప్రశ్నే.

షాపతనికి మాత్రం తెలుసు. మందులకి వచ్చినప్పుడల్లా కుక్కల డాక్టరమ్మ కూడా అచ్చం ఇలాగే అడిగేదని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆపేసి, "ఆమె పోయిందంట మేడం. మీకు ఎరికేనా?" అన్నాడు.

నాకు తెలియదు. క్లినిక్ మూసేసి సిద్దిపేట వైపు చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయిందని మాత్రమే తెలుసు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. ఎవరితోనూ చాకిరీ చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అన్నాడు షాపతను. నేను కొన్న జ్వరం బిళ్ళలు కౌంటర్ మీదే వదిలేసి ఇంటికొచ్చాను. మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది.

బాధపడ్డాను, కానీ ఏడుపు రాలేదు. ఆవిడను తలుచుకుంటే ముందు ఆ బూట్లు గుర్తొస్తాయి, బూట్లు గుర్తొస్తే నవ్వొస్తుంది. నేత చీర, దాని మీద తెల్ల కోటు, కుచ్చిళ్ళ కింద మగవాళ్ళు వేసుకునే పెద్ద స్పోర్ట్స్ షూ. ఎప్పుడూ అదే వేషం. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకునేది కానీ, కుక్కను చూసేటప్పుడు అది పెట్టుకోగా నేను చూడలేదు. ఆవిడ ముందు ముక్కుతో చూసేది. కుక్క తోక కింద దూదితో తుడిచి, ఆ దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. పప్పులో ఇంగువ సరిపోయిందా లేదా అని తేల్చుకుంటున్న మనిషిలా అలా కాసేపు నిలబడేది. మేము కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే విసుక్కునేది. గర్భసంచిలో చీము ఉంటే గర్భసంచే చెబుతుంది, మీరు కాస్త చప్పుడు చేయకుండా ఉంటే చాలు అనేది.

క్లినిక్ అంటే పెద్దదేం కాదు. పాత ఊరి వైపు ఒక అపార్ట్‌మెంట్ కింద రెండు షట్టర్లు. కానీ చుట్టుపక్కల టవర్ల నుంచి, అటు కోకాపేట నుంచి పెద్ద పెద్ద కార్లలో జాతి కుక్కలు దిగేవి. వాటి పేర్లు ఆవిడ నోటికి పట్టేవి కావు. జోయా అయినా, ఏంజెల్ అయినా, అన్నీ "బిడ్డా"నే. వాటిని తెచ్చిన కూతుళ్ళనీ కోడళ్ళనీ కూడా బిడ్డా అనే పిలిచేది. "బిడ్డా, గిటు తిరుగు" అంటే ఎవరు తిరగాలో తెలియక గదిలో ఉన్న ఆడవాళ్ళమందరం కదిలేవాళ్ళం, కుక్క తప్ప.

తలుపు దగ్గర ఒక స్టీలు బేసిన్ ఉండేది. లోపలికి వచ్చేవాళ్ళందరూ ఫోన్లు అందులో వేయాలి. మా వైపు జనం సంగతి తెలిసిందే కదా, కుక్క వాంతి చేసుకుంటున్నా మ్యూట్ నొక్కి మాట్లాడతారు, మ్యూట్ తీసి మేనేజరుకి ఎస్ చెబుతారు. ఆవిడకి అది పడేది కాదు. "కుక్కకు మాట రాదు, మీకు మాట ఆగదు. మరి నేనెవరిని అడగాలె?" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను, విన్న ప్రతిసారీ ఎవరో ఒకరు బేసిన్ వైపు నడిచేవారు.

ఆవిడ దగ్గర రెండు ప్రశ్నలు తప్పేవి కావు. రెండోది ముందు చెబుతాను, అది సులువు. గర్భసంచిలో చీము పట్టిన కుక్కకి ఒక రకం ఇంజెక్షన్ ఇచ్చేది. అది గర్భసంచిని పిండినట్టు పిండి, ఉన్నదంతా బయటికి తోస్తుంది. కుక్క గర్భసంచా, మనిషి గర్భసంచా అని ఆ మందు చూడదు, చర్మం మీద పడినా చాలు లోపలికి పోతుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకైతే ఊపిరి ఆడనివ్వదు. అందుకని సిరంజీ తీసే ముందు గది మధ్యలో నిలబడి, "నెల తప్పినోళ్ళు ఎవరన్న ఉన్నరా? ఉబ్బసమున్నోళ్ళు?" అని గట్టిగా అడిగేది. మగవాళ్ళు గోడ మీద క్యాలెండర్ చూసేవాళ్ళు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. డెబ్బై ఏళ్ళు దగ్గరపడిన మా అత్తయ్యని కూడా అడిగింది ఒకసారి. మా అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. అంతకుముందు కొన్ని రోజులుగా ఆమె నవ్వగా మేమెవరం చూడలేదు.

మొదటి ప్రశ్న విచిత్రమైనది. పెంచుకునే ఆడకుక్కని ఎవరు తీసుకొచ్చినా, దాని ఒంటి మీద చెయ్యి వేయకముందే అడిగేది.

"మీ ఇంట్ల ఈ నడుమ శుభకార్యం ఏమన్న అయిందా?"

కుక్కకి ఒంట్లో బాగాలేదని వస్తే శుభకార్యం సంగతి ఎందుకో ఎవరికీ అంతుపట్టేది కాదు. ముసలావిడ, ఒంటరిగా ఉంటుంది, స్వీట్ల మీద మనసు పోయిందేమో అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఒకాయన మర్నాడు నిజంగానే గృహప్రవేశం లడ్డూల డబ్బా పట్టుకొచ్చాడు. ఆవిడ ఆ డబ్బా తీసుకుని వాచ్‌మన్ చేతిలో పెట్టి, మళ్ళీ అదే ప్రశ్న వేరే రకంగా అడిగింది. ఇంకొకరు ఆ తర్వాతి ఏడాది పెళ్ళిపత్రిక తెచ్చి పసుపు కుంకుమలతో సహా ఇచ్చారు. వెళ్ళలేదు. ఎవరు పిలిచినా ఏ ఫంక్షన్‌కీ వెళ్ళేది కాదని పాత ఊళ్ళో అందరికీ తెలుసు. అడగడం మాత్రం మానలేదు.

ఇక ఆ నడక గురించి చెప్పాలి. ఇంజెక్షన్ ఇచ్చాక కుక్కకి కాసేపు నరకం. రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది, ఒక చోట నిలవదు. బల్ల మీద పడుకోబెట్టి పట్టుకుంటే ఇంకా బెంగపెట్టుకుంటుంది. నడిపిస్తే ఆ బాధ కొంత తగ్గుతుందని ఆవిడ లెక్క. సిరంజీ కింద పెట్టగానే గొలుసు తీసుకుని సందులోకి బయలుదేరేది. అద్దాల ఆఫీసులకీ కట్టడాలకీ మధ్య ఎవరూ పగలగొట్టకుండా మిగిలిపోయిన పెద్ద బండ ఒకటి ఉంది. క్లినిక్ నుంచి ఆ బండ దాకా, బండ నుంచి క్లినిక్ దాకా, అటూ ఇటూ నడిచేది. ఆ బూట్లు అందుకే. క్యాబ్ డ్రైవర్లు హారన్ కొట్టకుండా ఆగేవాళ్ళు. గేట్ల దగ్గర సెక్యూరిటీవాళ్ళు కుర్చీలోంచి లేచి నమస్తే పెట్టేవాళ్ళు, వాళ్ళకి కూడా కుక్క వైపు చూస్తూనే తల ఊపేది.

ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన ఒకావిడ ఇదంతా బాల్కనీలోంచి చూసి, కుక్కల్ని షికారు తిప్పే మనిషి అనుకుని కిందికి దిగి వచ్చింది. మా కుక్కను కూడా రోజూ పొద్దున తిప్పుతావా అని అడిగిందట. డాక్టరమ్మ అంతా ఓపిగ్గా విని, "నేను జబ్బు కుక్కల్నే తిప్పుత. మీ దానికి నా అవసరం రావద్దని మొక్కుకోండ్రి" అని చెప్పి ముందుకి నడిచిందట. ఆ సంగతి ఆవిడే చెప్పి, ఆవిడే నవ్వేది.

మా రాణి ఆవిడ దగ్గరికి వెళ్ళింది ఒక వానాకాలం.

రాణి లేత గోధుమ రంగు లాబ్రడార్. మా ఆయనకి కుక్కల పిచ్చి. పగలంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో నెట్‌వర్కులు చూసుకునే మనిషి, ఇంటికొస్తే కుక్కల వంశవృక్షాలు చదువుతాడు. రాణికి అప్పటికి ఒక్క కాన్పే అయింది. పిల్లల్ని నాకి, కడిగి, ఒక్కదాన్ని కూడా తొక్కకుండా పెంచింది. అలాంటి తల్లి దొరకదని మా ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆ కాన్పు రోజు పక్కన కూర్చుని పాత చీరలు పరిచింది, పిల్లల్ని తుడిచింది మా అత్తయ్య. మామూలుగా రాణి తోక తగిలినా కాళ్ళు కడుక్కునే మనిషి. పూజగది వైపు అది తల తిప్పి చూసినా ఊరుకోదు. ప్రేమ వేరు, మడి వేరు అని ఆమె లెక్క. ఆ రెండింటి మధ్యా ఆమెకి ఎప్పుడూ పేచీ రాలేదు, ఆ వానాకాలం దాకా.

నాది గుంటూరు వైపు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నాకు అర్థమైన మొదటి సంగతి, ఇక్కడ ఎవరూ గట్టిగా ఏమీ అనరు. వ్రతమో, గృహప్రవేశమో, ముహూర్తం పెట్టుకుంటారు. నా తేదీ ఆ రోజు మీద పడేలా ఉంటే, కొన్ని రోజుల ముందు టీ గ్లాసు పక్కన మాత్రల అట్ట ప్రత్యక్షమవుతుంది. వేసుకోమని ఎవరూ చెప్పరు. వేసుకోనని నేనూ చెప్పలేదు. తలనొప్పి, పొట్ట ఉబ్బరం, ఆపేశాక వచ్చే ఆ నాలుగు రోజుల నరకం, అన్నీ నావే. మాదాపూర్‌లో ఆఫీసు బల్ల ముందు కూర్చుని ఒక చేత్తో పొట్ట పట్టుకుని టెస్ట్ కేసులు రాసిన రోజులు ఎన్నో. మా ఆఫీసులో ఆడవాళ్ళని అడిగితే సగం మందికి అదే కథ. అందుకే దాన్ని కథ అని కూడా ఎవరూ అనుకోలేదు.

ఆ ఏడాది మేడ మీద కొత్తగా కట్టిన పోర్షన్‌లో పాలు పొంగించి సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. బాగా జరిగింది. తర్వాత కొన్ని వారాలకి రాణి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. గిన్నె నింపిన కొద్దీ ఖాళీ చేసేది. అన్నం ముట్టదు. పిలిస్తే తోక కొట్టదు. పడుకున్న చోట జిగటగా, ఎర్రగా, వాసనేస్తున్న మరక. మా ఆయన మొహం పాలిపోయింది. దాన్ని ఎత్తుకుని కార్లో పడుకోబెట్టాడు. అత్తయ్య ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో దాని పక్కన కూర్చుంది.

డాక్టరమ్మ మా ఫోన్లు బేసిన్‌లో వేయించి, రాణిని చూడకుండా మమ్మల్ని చూసింది. ఇంట్లో శుభకార్యం ఏమన్నా అయిందా అని అడిగింది. అయిందండి, వ్రతం అన్నాను. అప్పుడు దూది వాసన చూసింది. పొట్ట మీద మెల్లగా చెయ్యి వేసింది. ఎదకి ఎప్పుడు వచ్చిందని అడిగింది. ఈసారి ఎదకి వచ్చినట్టే వచ్చి ఆగిపోయిందని మా ఆయన చెప్పాడు. మరకలు కనబడి, రెండు రోజుల్లో మాయమయ్యాయని, తనకీ వింతగా అనిపించిందని అన్నాడు. ఆవిడ అతణ్ణి స్కానింగ్ సెంటరుకి ఫోన్ చేసి రమ్మని బయటికి పంపింది.

తలుపు మూసుకున్నాక మా ఇద్దరివైపూ తిరిగింది. "దీనికి ఏమన్న గోలి ఇచ్చిండ్రా? ఎవరిచ్చిండ్రో నాకక్కర లేదు. ఏమిచ్చిండ్రో కావాలె."

నాకు ఒక్కసారిగా ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలో ఉన్న అట్ట గుర్తొచ్చింది. ఆ నెల నేను వేసుకున్నవాటికంటే ఎక్కువ గుంటలు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదు. అనుకోకుండా అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య నేల చూసింది. నేనెందుకు ఇస్తానని, ఎవరూ ఆమెను అడగకుండానే అంది.

డాక్టరమ్మ ఆమెను వదిలేసి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ గోలీలు నీవేనా బిడ్డా, ఎన్నేళ్ళ నుంచి అని అడిగింది. పెళ్ళైనప్పటి నుంచి అండి అన్నాను. ఆవిడ తల ఊపి, "నేను కుక్కల డాక్టర్ని. నీ సంగతి నాకు తెల్వది. తెలిసినోళ్ళకు ఒక్కసారి చూపించుకో" అని రాణి వైపు తిరిగింది. నా జీవితంలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

స్కాన్ వచ్చింది. గర్భసంచి చీముతో ఉబ్బి ఉంది. మా ఆయనని కూర్చోబెట్టి ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. కోసి గర్భసంచి తీసేస్తే ఖాయంగా బతుకుతుంది, ఇక పిల్లలు ఉండవు. మందులతో కూడా ప్రయత్నించవచ్చు, కానీ అది ఖాయం కాదు. గర్భసంచి మూతి, అదే లోపలి తలుపు, తెరిచి ఉంది, చీము బయటికి వస్తోంది, అదే దీని అదృష్టం. వయసు చిన్నది, రక్తపరీక్షలో మూత్రపిండాలు బాగున్నాయి, కాబట్టే మందు సంగతి ఎత్తుతున్నాను అంది. "జరం పెరిగినా, చీము కారుడు ఆగినా, ఇగ మాటల్లేవు. కోతనే. అప్పుడు నువ్వు పిల్లలు పిల్లలని నా కాళ్ళకు అడ్డం పడొద్దు" అంది. అడ్డం పడనని మా ఆయన మాటిచ్చాడు. బతికితే చాలు అన్నాడు. ఆ మాటకి అత్తయ్య కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మందులు మొదలయ్యాయి. పొద్దున సెలైన్, యాంటీబయాటిక్, సాయంత్రం ఆ పిండే ఇంజెక్షన్. మొదటి సాయంత్రం సూది వేయగానే డాక్టరమ్మ గొలుసు తీసి తన చేతికి చుట్టుకోలేదు, అత్తయ్య చేతిలో పెట్టింది. నేనా అని అత్తయ్య వెనక్కి జరిగింది. దీనికి కాన్పు చేసింది నువ్వేనంట కదా, నడువు అంది డాక్టరమ్మ. ఆ తర్వాత రోజూ అదే వరస. ముందు రాణి, పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరికి హవాయి చెప్పులు, ఇంకొకరికి బూట్లు. వెనక నీళ్ళ సీసా, తువ్వాలు పట్టుకుని నేను. ఆఫీసులో ఆ వారమంతా ఇంటి నుంచి పని అని చెప్పాను. అబద్ధం కాదు, పనే.

ఒక సాయంత్రం రాణికి చాలా కష్టమైంది. పొట్ట ఎక్కిళ్ళు పెట్టినట్టు కదులుతోంది, నాలుక వేలాడుతోంది. పెద్ద బండ దాకా వెళ్ళేసరికి ఆగి, అత్తయ్య పాదాల మీద వాంతి చేసుకుంది. నేను తువ్వాలు తీసేలోపే అత్తయ్య వంగి, తన చీర కొంగుతో దాని మూతి తుడిచింది. ఉదయం తలస్నానం చేసి కట్టుకున్న చీర అది. తుడుస్తూనే, తల ఎత్తకుండా చెప్పింది.

"నేనే ఇచ్చిన డాక్టరమ్మా. పెరుగన్నం ముద్దల పెట్టి ఇచ్చిన. దేవుని పని, ఇల్లంత మరకలైతయని ఇచ్చిన. మా కోడలు ఏసుకుంటది, ఆమెకేం కాలె, దీనికేమైతది అనుకున్న."

ఆమెకేం కాలేదు అన్న మాట నాకు వాంతికంటే ఎక్కువ తగిలింది. కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు. కానీ ఆమె మొహం చూశాక ఆ కోపం నిలబడలేదు. దానికి ఏమన్నా అయితే ఆమె కూడా బతకదేమో అనిపించేలా ఉంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఇంకా ఇస్తున్నావా, ఆపేశావా అని మాత్రం అడిగింది. వ్రతం అయ్యాక ఆపేశానంది అత్తయ్య. సరే, నాకు కావాల్సింది ఇంతే అంది. తన కొడుక్కి తెలిస్తే మళ్ళీ తన మొహం చూడడని అత్తయ్య అంటే, నీ కొడుకు నన్ను అడగలేదు, నేను చెప్పను అంది. పైన క్రేన్ ఒకటి మెల్లగా తిరుగుతోంది. అప్పుడు డాక్టరమ్మ బండకి ఆనుకుని, మా ఇద్దరినీ కాక రాణిని చూస్తూ మాట్లాడింది.

"మా ఇంట్ల ఒకటుండె. నల్లది. మా చెల్లె పెండ్లికి ఇల్లంత చుట్టాలు. ఎద ఆగనీకె సూది ఉండేది, అప్పట్ల మేమందరం ఏసేటోళ్ళం, తప్పని ఎవరనలె. నా చేతుల నేనే ఏసిన. దానికి లోపలి తలుపు మూసుకుంది అక్కా. చుక్క బయటికి రాలె. పెండ్లి సందడిల నేను సూడనే లేదు."

అది దక్కలేదని మాకు అర్థమైంది. ఆవిడ గొలుసు సరిచేసి మళ్ళీ అత్తయ్య చేతిలో పెట్టింది.

"గోలి నువ్విచ్చినవ్. సూది నేనేసిన. నీ బిడ్డకు తలుపు తెరిచి ఉన్నది. నడువు."

నడిచారు. వెనక నేను కూడా నడిచాను. ఆవిడ మొదటి ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సాయంత్రం తెలిసింది. ఆ తర్వాత ఆ ప్రశ్న విని నవ్విన వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

రాణి బతికింది. ముందు జ్వరం దిగింది. తర్వాత నీళ్ళ గిన్నె దగ్గర పడిగాపులు మానేసింది. చీము పలచబడి, రంగు మారి, ఒకరోజు పూర్తిగా ఆగిపోయింది. ఆగిందని మేము హడలిపోయి పరుగెత్తితే, మళ్ళీ స్కాన్ తీయించి, ఇది మూసుకుపోయి ఆగడం కాదు, అయిపోయి ఆగడం అని చెప్పింది డాక్టరమ్మ. గర్భసంచి చిక్కిపోయి మామూలుగా ఉంది. మా ఆయన ఆ క్లినిక్ మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తయ్య అతని వీపు నిమిరింది. మాత్రల సంగతి ఆమె ఇంటికి వెళ్ళాక తనే కొడుక్కి చెప్పింది. రెండు పూటలు మాట్లాడలేదు అతను, మూడో పూట పక్కన కూర్చుని భోంచేశాడు.

మళ్ళీ వచ్చే ఎదకి తప్పకుండా జత కట్టించాలి, ఖాళీగా వదిలితే మళ్ళీ ఇదే జబ్బు తిరగబెడుతుంది, ఆ పిల్లలు పాలు మానాక గర్భసంచి తీసేద్దాం అని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలాగే చేశాం. నిండుగా పిల్లల్ని పెట్టింది రాణి. మళ్ళీ పాత చీరలు పరిచింది అత్తయ్యే. ఒక కొత్త అలవాటు మాత్రం వచ్చింది ఆమెకి. రాణికి పెరుగన్నం పెట్టేటప్పుడు ముద్దని అరచేతిలో వెడల్పుగా నలిపి, అందరికీ కనబడేలా ఒక్క క్షణం పట్టుకుని, అప్పుడు పెడుతుంది. ఎవరూ అడగరు. అయినా పట్టుకుంటుంది.

మళ్ళీ వ్రతం వచ్చింది. పంతులుగారు ముహూర్తం పెట్టారు. నేను వేళ్ళ మీద లెక్క చూసుకున్నాను, సరిగ్గా ఆ రోజు మీదే పడుతుంది. అలవాటైన ప్రాణం కదా, టీ గ్లాసు పక్కన అట్ట కోసం ఎదురుచూశాను. రోజులు గడుస్తున్నా రాలేదు. మర్చిపోయారేమో, నేనే తెచ్చుకోవాలా అనుకుంటూ వంటింట్లోకి వెళ్తుంటే, అత్తయ్య హాల్లో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"ఆ రోజు మా కోడలికి వీలుగాదు పంతులుగారూ. పై వారం చూడుండ్రి." అవతల ఆయన ఏదో అన్నాడు. ఆ ముహూర్తం మళ్ళీ దొరకదన్నాడేమో. "దొరక్కపోతే దొరక్కపాయె. దేవుడు ఒక వారం ఆగలేడా?"

ఫోన్ పెట్టేసి నన్ను చూసింది. నేను విన్నానని ఆమెకి తెలుసు. నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని, నల్లా తిప్పి, ఇన్నేళ్ళ ఏడుపు ఏడ్చాను. ఒక పెద్ద మూట దింపుకున్నట్టు తేలిగ్గా అయిపోయింది ఒళ్ళు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ సందులో ఒక ముసలి స్పానియల్‌ని తిప్పుతోంది. పక్కన నడుస్తూ జరిగిందంతా చెప్పాను. నడక ఆపలేదు, నా వైపు చూడలేదు. బండ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాక, "ఏ రోజంట ఇప్పుడు?" అని అడిగింది. చెప్పాను. "మీ అత్తమ్మను నన్ను గూడ పిలవుమను" అంది.

నేను నమ్మలేదు. కానీ వచ్చింది. కొత్త నేత చీర కట్టుకుని, కింద అవే బూట్లు వేసుకుని వచ్చింది. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, పూజ జరుగుతున్నంతసేపు వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. రాణి వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది. హాల్లో, దేవుడి పటానికి ఎదురుగా. మా అత్తయ్య చూసి కూడా లెమ్మనలేదు. హారతి అయ్యాక తనే ప్రసాదం తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. ఎన్నడూ రానిది మా ఇంటికే ఎట్లా వచ్చావని అడిగింది.

డాక్టరమ్మ ప్రసాదం కళ్ళకద్దుకుని తింది. వేళ్ళకి అంటుకున్న నెయ్యి రాణి చేత నాకించింది.

"అందరిండ్ల ఫంక్షన్లు నాకు కుక్క జబ్బు పడ్డంకనే తెలుస్తయి అక్కా," అంది. "గోలి లేకుంట జరిగేది గిదొక్కటే ముందుగాల తెలిసింది."

ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపింది. అత్తయ్య గిన్నె అక్కడే పెట్టేసి, ఆవిడ పక్కన కూర్చుంది.